పెట్టె ఎన్నిసార్లు ఎత్తాలి?

వైశాలిలో మేం దిగిన హోటల్ రిసెప్షన్‌లో నేనడిగింది ఒకటే ప్రశ్న. ఇక్కడి నుంచి ఎయిర్‌పోర్టుకు ఎలా వెళ్లాలి? పది నిమిషాల్లో అయిదు జవాబులొచ్చాయి. కౌంటర్ వెనకున్న కుర్రాడు హోటల్ కారు తీసుకోమన్నాడు, రెండున్నర వేలు. గది చూపించిన అబ్బాయి ఫోన్‌లో క్యాబ్ పిలుచుకుంటే వెయ్యిలోపు పోతుందని చెవిలో చెప్పాడు. గేటు దగ్గర కాపలా ఉన్న పెద్దాయన మెట్రో ఉండగా కారెందుకని కోప్పడినంత పని చేశాడు. బయట నిలబడ్డ ఆటో అతను ఢిల్లీ బోర్డర్ దాటి రానని, కావాలంటే ఆనంద్ విహార్‌లో దింపుతానని చెప్పాడు. అయిదో జవాబు మా బావమరిదిది. 'బావగారూ, మీరేం ఆలోచించకండి, నేను చూసుకుంటా' అన్నాడు. నేను ఎక్కువగా భయపడింది ఆ జవాబుకే.

మా అమ్మాయి పైచదువుకు మ్యూనిక్ వెళ్తోంది. 2025 సెప్టెంబరు చివరి వారం, గురువారం అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు విమానం. హైదరాబాద్‌లో ఎక్కేదానికన్నా ఢిల్లీలో ఎక్కితే టికెట్ పద్ధెనిమిది వేలు తక్కువ పడింది. పైగా మా ఆవిడ తమ్ముడు వైశాలిలోనే ఉంటాడు. విజయవాడలో రైలెక్కి వచ్చేశాం. వాళ్లది రెండు గదుల ఫ్లాటు. మా సామానుకే ఒక గది కావాలి గనుక దగ్గర్లోని హోటల్లో దిగాం. సామానంటే రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక్కోటి 23 కిలోలు, ఒక చేతిపెట్టె, వీపుకు తగిలించుకునే సంచీ. సూట్‌కేసుల్లో ఏముందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, చలికోట్లు, వాటి మధ్యలో మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్, కుక్కర్‌లో ఖాళీ పోకుండా చింతపండు.

వైశాలి అనగానే బీహార్ అనుకునేవాళ్లుంటారు. ఇది ఆ వైశాలి కాదు. ఉత్తరప్రదేశ్‌లోని ఘజియాబాద్ జిల్లాలో, ఢిల్లీ తూర్పు సరిహద్దును ఆనుకుని లేచిన అపార్ట్‌మెంట్ల ఊరు. పక్కనే కౌశాంబి. ఊళ్లకు ఎవరు పేర్లు పెట్టారోగానీ వాళ్లకు బౌద్ధం మీద మక్కువ ఉండి ఉండాలి. అసలు వైశాలి నుంచి బుద్ధుడు చివరిసారి బయల్దేరినప్పుడు ఆయనకు లగేజీ సమస్యే లేదు. ఉన్నది ఒక్క భిక్షాపాత్ర. వెంటపడి వస్తున్న లిచ్ఛవులకు దాన్ని కూడా ఇచ్చేసి పంపాడని కథ. మా దగ్గర కుక్కర్ ఉంది.

ఈ వైశాలికి విమానాశ్రయం దగ్గర కాదు. ఊరు తూర్పు కొసన ఉంటే, ఇందిరాగాంధీ విమానాశ్రయం నైరుతి మూలన ఉంది. దారిని బట్టి ముప్ఫై అయిదు కిలోమీటర్లు అటూ ఇటూ. మధ్యలో యావత్ ఢిల్లీ ఉంది. పక్కనే హిండన్‌లో ఇంకో విమానాశ్రయం ఉన్నమాట నిజమే. 2019లో మొదలై, 2025 మార్చి నుంచి బెంగళూరు, కోల్‌కతా వంటి ఊళ్లకు విమానాలు నడుపుతోంది. కానీ మ్యూనిక్ వెళ్లేవాళ్లకు అది కిటికీలోంచి కనిపించే పెళ్లి విందు.

నేను భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. సమస్య కనిపిస్తే కాగితం తీయడం అలవాటు. రైల్లోనే మెట్రో పటం ముందేసుకుని కూర్చున్నాను. వైశాలికి మెట్రో 2011 జూలైలో వచ్చింది. బ్లూ లైనులో ఈ శాఖకు ఇదే చివరి స్టేషన్. చివరి స్టేషన్ కావడం సామానున్నవాడికి వరం. రైలు ఇక్కడే ఖాళీగా బయల్దేరుతుంది, సీటు దొరుకుతుంది, పెట్టె కాళ్ల ముందు పెట్టుకోవచ్చు. అక్కడి నుంచి రెండు ప్రధాన మార్గాలు. ఒకటి, రాజీవ్ చౌక్‌లో దిగి, యెల్లో లైనులో ఒక్క స్టేషన్ వెళ్లి న్యూఢిల్లీలో ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ పట్టుకోవడం. ఇరవై నిమిషాల్లో మూడో టెర్మినల్. రెండోది, బ్లూ లైనులోనే కదలకుండా కూర్చుని నలభై స్టేషన్లు దాటి అటు కొసనున్న ద్వారకా సెక్టార్ 21లో దిగడం. అక్కడి నుంచి ఎయిర్‌పోర్టు ఒక్క స్టేషన్. గంటన్నర పట్టినా మారేది ఒక్కసారే. అదీ అందరూ దిగే చోట, తోపులాట లేకుండా. మా బావమరిది మూడో దారి కూడా చెప్పాడు. ఆనంద్ విహార్‌లో పింక్ లైను ఎక్కి సౌత్ క్యాంపస్‌లో దిగితే, ధౌలాకువా ఎయిర్‌పోర్ట్ లైను స్టేషన్‌కు నడక వంతెన ఉంది, 2019లో తెరిచారు. కదిలే పట్టీలు నడిపిస్తాయిట. వంతెన పొడవు కిలోమీటరుకు పైనే అని విన్నాక మా ఆవిడ ఆ దారిని ఒక్క చూపుతో కొట్టేసింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇవన్నీ మూడో టెర్మినల్‌కు, దాని పక్కనున్న రెండో టెర్మినల్‌కు వెళ్లే దారులు. ఒకటో టెర్మినల్ అక్కడికి కిలోమీటర్ల దూరంలో విడిగా ఉంది. దానికి మెజెంటా లైను, వేరే స్టేషన్. వైశాలి నుంచయితే బ్లూ లైనులో జనక్‌పురి వెస్ట్ దాకా వెళ్లి మారాలి. దేశంలోపలి విమానాలకు వెళ్లేవాళ్లు టికెట్ మీద టెర్మినల్ నంబర్ చూసుకోకుండా బయల్దేరితే, ఎంత ముందు బయల్దేరినా ఆలస్యంగా బయల్దేరినట్టే.

నా ఓటు మెట్రోకి. కారణం డబ్బేనని మా ఇంట్లోవాళ్ల అభిప్రాయం. కొంత నిజమే. దూరం ఎంతయినా మెట్రో గరిష్ఠ చార్జీ ఆగస్టులో పెరిగాక కూడా 64 రూపాయలు. ఎయిర్‌పోర్ట్ లైనుకు వేరే చార్జీ. అన్నీ కలిపినా ముగ్గురికీ నాలుగు వందల లోపే. క్యాబ్ పన్నెండు వందలనుకుంటే మిగిలేది ఎనిమిది వందలు. మా అమ్మాయి వెంటనే ఫోన్‌లో లెక్క కట్టి, 'నాన్నా, ఎనిమిది యూరోలు కూడా కావు' అంది. ఇప్పటి పిల్లలు ఇంకా వెళ్లకముందే అక్కడి డబ్బుల్లో ఆలోచిస్తారు.

కానీ నా అసలు వాదన డబ్బు కాదు. కారులో ఎంతసేపు పడుతుందని అడిగితే అందరూ గంటంబావు అన్నారు. అది సగటు. విమానం ఎక్కేవాడికి సగటుతో పనిలేదు. చెడ్డ రోజున ఎంత పడుతుందన్నదే కావాలి. అదే దారి ఆదివారం ఉదయం యాభై నిమిషాలు, వానపడిన శుక్రవారం సాయంత్రం రెండున్నర గంటలు. పైగా దసరా రోజులు, ఊరంతా రామ్‌లీలా పందిళ్లు. మెట్రో ఏ రోజైనా దాదాపు అంతే సమయం తీసుకుంటుంది. పాఠం చెప్పినట్టు ఇదంతా చెప్పాను. మా బావమరిది ఊరుకున్నాడా? 2024 డిసెంబరులో మోతీనగర్, కీర్తినగర్ మధ్య దొంగలు కేబుల్ కోసుకుపోతే బ్లూ లైను రోజంతా నత్తనడక నడిచిన సంగతి గుర్తుచేశాడు. 'అంతెందుకు బావగారూ, ఎయిర్‌పోర్ట్ లైను 2011లో మొదలైతే, మర్నాడు ఏడాదే లోపాలు బయటపడి ఆరు నెలలు మూసేశారు' అన్నాడు. నా వాదనకు నా ఆయుధమే అడ్డం పెట్టాడు. మెట్రోకీ చెడ్డ రోజుంటుంది.

అప్పుడు నాకు ప్రయోగం చేయాలనిపించింది. బుధవారం సాయంత్రం, అంటే ముందు రోజు, సరిగ్గా మేం బయల్దేరాల్సిన వేళకు, ఒక సూట్‌కేసు తీసుకుని మెట్రోలో వెళ్లి చూడాలి. ఖాళీ పెట్టెతో చేస్తే ప్రయోగం కాదు. మా ఆవిడతో, 'బరువు సరిగా ఉందో లేదో ఏదైనా కొట్లో తూయించుకొస్తా' అని చెప్పి కుక్కర్ ఉన్న పెట్టెతో బయటపడ్డాను. అరవై రెండేళ్లవాణ్ని. రెండేళ్ల కిందట హెర్నియా ఆపరేషనైంది. పది కిలోలు మించి ఎత్తవద్దని డాక్టర్ చెప్పిన మాట నాకు గుర్తుంది. కానీ పెట్టెకు చక్రాలున్నాయి కదా అనుకున్నాను.

చక్రాల మీద మనకున్న నమ్మకం చదునైన నేల మీది నమ్మకం. హోటల్ నుంచి స్టేషన్‌కు ఈ-రిక్షా. ఎక్కించడం ఒకటి, దించడం రెండు. రోడ్డు నుంచి స్టేషన్ ముందరి గట్టు ఎక్కించడం మూడు. లోపల ఎక్స్‌రే యంత్రం. బెల్టు మీదికి ఎత్తడం నాలుగు, అవతల దించుకోవడం అయిదు. అక్కడ సీఐఎస్ఎఫ్ జవాను తెర మీద కుక్కర్ నీడ చూసి, 'యే క్యా హై?' అన్నాడు. కుక్కర్ అన్నాను. 'అందులో?' చింతపండుకు హిందీ మాట ఆ క్షణంలో ఎంత వెతికినా నోటికి రాలేదు. పులుపు అన్నట్టు ముఖం పెట్టాను. నవ్వి పంపేశాడు. పెట్టె తెరవమని ఉంటే ఆ సర్దుడు మళ్లీ సర్దడం ఈ జన్మలో అయ్యేది కాదు.

మెట్రో నిబంధన ప్రకారం మనిషికి ఒక పెట్టె, 25 కిలోల దాకా. ఆ లెక్కన మేం తప్పు చేయడం లేదు. టికెట్ గేట్లు ఇరుకే అయినా పక్కన వెడల్పు గేటుంటుంది, సామానున్నవాళ్లు దాంట్లోంచి పోవచ్చు. ప్లాట్‌ఫారానికి లిఫ్టు ఉంది. రైలు ఖాళీ, సీటు దొరికింది. మొదటి పెట్టె ఆడవాళ్లది. మా వాళ్లిద్దరూ అందులో ఎక్కితే సుఖంగా ఉంటారు, అప్పుడు నేనూ ఒక సూట్‌కేసూ వెనక పెట్టెలో ఉంటాం అని మనసులో రాసుకున్నాను. యమున దాటేదాకా అంతా నా వాదన ప్రకారమే నడిచింది. సాయంత్రం వేళ జనం ఢిల్లీ నుంచి వైశాలి వైపు వస్తారు గనుక మనం వెళ్లే దిశలో రైలు ఖాళీ. దిగే చోటే జాతర. రాజీవ్ చౌక్‌లో తలుపులు తెరుచుకోగానే, దిగేవాళ్లకు ముందే ఎక్కేవాళ్లు తోసుకొచ్చారు. పెట్టె ఒకరి కాలికి తగిలింది. ఇంకొకరు దాన్ని అవతలికి లాగారు. రెండు చేతులా ఎత్తి తలుపు దాటించాను. ఆరు. అప్పుడే పొత్తికడుపులో కుడిపక్కన ఏదో పట్టేసింది.

అయినా న్యూఢిల్లీ దాకా వెళ్లాను. ప్రయోగం సగంలో ఆపకూడదు. ఎయిర్‌పోర్ట్ లైను స్టేషన్ అజ్మీరీ గేట్ వైపు ఉంది. అక్కడ మళ్లీ తనిఖీ, మళ్లీ బెల్టు. ఆ గేటు ముందు నిలబడి వేళ్ల మీద లెక్కపెట్టాను. బెల్టుకు రెండు, అవతల ఎయిర్‌పోర్టులో ట్రాలీ మీదికి ఒకటి. మొత్తం తొమ్మిది. పెట్టెలు రెండు గనుక పద్దెనిమిది. కొన్ని విమాన సంస్థలవాళ్లు న్యూఢిల్లీ స్టేషన్‌లోనే లగేజీ తీసుకుని బోర్డింగ్ పాస్ ఇస్తారు. ఆ వీలు మా విమానానికి లేదు. ఉంటే నా ప్రయోగానికి వేరే ఫలితం వచ్చేది.

ఇదే న్యూఢిల్లీ స్టేషన్‌లో 1988లో ఒక ఇంటర్వ్యూ కోసం జీటీ ఎక్స్‌ప్రెస్ దిగాను. హోల్డాల్, రేకుపెట్టె. ఎర్రచొక్కా కూలీ నాలుగు రూపాయలడిగితే, ఇవ్వనని రెండూ నెత్తినా భుజానా పెట్టుకుని వంతెన ఎక్కాను. ఆ వంతెన మీద నుంచి ఊరు చూసిన జ్ఞాపకం ఇప్పటికీ ఉంది. ఆ రోజు ఎన్నిసార్లు ఎత్తానో లెక్కపెట్టుకోలేదు.

తిరిగొచ్చేసరికి ఎనిమిది దాటింది. 'ఎంతుంది బరువు?' అంది మా ఆవిడ. ఇరవై మూడు అన్నాను. 'తూయడానికి రెండున్నర గంటలు పట్టిందా?' అంది. కొట్టు దూరమన్నాను. బాత్‌రూమ్‌లోకి వెళ్లి నడుముకు, పొట్టకు అమృతాంజనం రాసుకున్నాను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు తెలుగువాళ్లకు చాలా మేలు చేశారు గానీ, వాసన రాకుండా దాన్ని తయారు చేయలేదు. నేను బయటికి వచ్చేసరికి తల్లీ కూతుళ్లిద్దరూ మంచం మీద కూర్చుని నా వంక చూస్తున్నారు. అబద్ధం మీద అబద్ధం ఆడే ఓపిక లేక జరిగింది చెప్పేశాను. పద్దెనిమిది అన్న లెక్కతో సహా.

అమ్మాయి కోప్పడింది. 'రేపు నేను అక్కడ దిగగానే మీరు ఆస్పత్రిలో ఉన్నారని ఫోన్ వస్తే ఏం చేయను నాన్నా?' అంది. మా ఆవిడ కోప్పడలేదు. కాసేపాగి, 'మీ లెక్కలన్నీ అయ్యాయా?' అని అడిగింది. అయ్యాయన్నాను. 'మెట్రోలో నేనూ అదీ ఒక పెట్టెలో, మీరొక పెట్టెలో. ఏ స్టేషనొచ్చిందో చూసుకోవడం, ఎవరి సూట్‌కేసు వాళ్లు పట్టుకోవడం. దాన్ని ఒక్క గంట పక్కన కూర్చోబెట్టుకోనివ్వరా?' అంది.

నా కాగితంలో ఆ గంటకు గడి లేదు.

కాబట్టి కారు. కారైతే ఎత్తడం రెండుసార్లే. హోటల్ గుమ్మం ముందు డిక్కీలోకి, ఎయిర్‌పోర్టులో డిక్కీ నుంచి ట్రాలీ మీదికి. రెండు చోట్లా డ్రైవర్ చెయ్యి వేస్తాడు. మన శంషాబాద్‌కు మెట్రో ఇంకా రాలేదని బాధపడుతుంటాం గానీ, ఆర్టీసీ పుష్పక్ బస్సు గొప్పదనం ఇప్పుడు తెలిసింది. ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి, అంతే.

కానీ ఢిల్లీలో కారు పిలవడం కూడా చిన్న విషయం కాదు. గురువారం సాయంత్రం ఆరింటికి మా బావమరిది వచ్చి ఫోన్‌లో క్యాబ్ పిలిచాడు. తెల్లటి చిన్న కారు వచ్చింది. డ్రైవర్ డిక్కీ తెరిచాడు. అందులో సగానికి పైగా గ్యాస్ సిలిండర్ పడుకుని ఉంది. ఢిల్లీ గాలి కోసం కోర్టులు చేసిన మేలు ఇది. బస్సులు సీఎన్‌జీకి మారాలని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. 2016లో డీజిల్ టాక్సీలకు కళ్లెం వేసింది. అందుకని ఈ ప్రాంతంలో టాక్సీలు చాలావరకు సీఎన్‌జీవే. గాలికి మంచిదే, సూట్‌కేసుకు కాదు. నిలబెట్టి, పడుకోబెట్టి, అడ్డంగా తిప్పి చూశాం. ఒక్కటి కూడా పట్టలేదు. ఒకదాన్ని ముందు సీట్లో, ఇంకోదాన్ని వెనక సీట్లో పెట్టుకోమన్నాడు డ్రైవర్. అప్పుడు మనుషులెక్కడ కూర్చోవాలో చెప్పలేదు. డబ్బులిచ్చి పంపేశాం. ఢిల్లీకి విమానమెక్కడానికి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగిన ఒకే ఒక పనికొచ్చే మాట ఇది. కారు పిలిచే ముందు ఎంతమంది పడతారని కాదు, డిక్కీలో సిలిండర్ ఉందా అని అడగండి. పైన క్యారియర్ ఉన్నదో, వెనక సీటు మడిచే పెద్దదో చెప్పి తెప్పించుకోండి.

రెండో క్యాబ్ డ్రైవర్ ఫోన్ చేసి ఎక్కడికని అడిగాడు. ఎయిర్‌పోర్టనగానే, నగదా ఆన్‌లైనా అన్నాడు. ఆన్‌లైన్ అన్నాడు మా బావమరిది. నిమిషం తర్వాత ట్రిప్పు రద్దయింది. ఆరున్నర. నా ముఖం నేను అద్దంలో చూసుకోలేదు గానీ, అమ్మాయి మాత్రం, 'నాన్నా, మెట్రో అనొద్దు' అంది. నేనేమీ అనలేదు. చివరికి రిసెప్షన్ కుర్రాడే తనకు తెలిసినవాడి ఎర్టిగాను పిలిపించాడు. పద్దెనిమిది వందలన్నాడు. పదహారుకు దిగాడు. ఢిల్లీలోకి వెళ్లే టోల్ మాదే. ఆరూ యాభైకి బయల్దేరాం. డిక్కీలో రెండు సూట్‌కేసులూ అన్నదమ్ముల్లా పక్కపక్కన పట్టాయి.

ఘాజీపూర్ చెత్తకొండ పక్కగా మీరట్ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాక కారు పరిగెత్తింది. 2018లో తెరిచిన ఆ రోడ్డు లేకపోతే ఢిల్లీ చేరడానికే గంట పట్టేదని డ్రైవర్ చెప్పాడు. పావుగంటలో సరాయ్ కాలేఖాన్. అక్కడి నుంచి రింగ్ రోడ్డు, ఆశ్రమ్. అంతే, ఆగిపోయాం. ముందూ వెనకా ఎర్రదీపాలే. నేను ముందు సీట్లో డ్రైవర్ పక్కన కూర్చున్నాను, దారి చూడటానికి. నాకు హిందీ అంతంతమాత్రం, ఈ దారి కొత్త. డ్రైవర్ ఈ ఊరివాడు. నేను చూసి చేసేదేముంది? అయినా కళ్లు ఫోన్‌లోని పటం మీదే. చేరే సమయం 8.25 అని చూపించింది. కాసేపటికి 8.40. మళ్లీ 8.55. వెనక సీట్లో తల్లీ కూతుళ్లు ఏదో మాట్లాడుకుంటున్నారు. కుక్కర్ రబ్బరు విషయం. అదనంగా ఇంకోటి చేతిపెట్టెలో పెట్టాననీ, ఆరునెలలకోసారి మార్చాలనీ మా ఆవిడ చెబుతోంది. అమ్మాయి ఊఁ కొడుతోంది. మెడ తిప్పి చూస్తే మా ఆవిడ భుజం తప్ప ఏమీ కనిపించడం లేదు. అద్దం డ్రైవర్ వైపు తిరిగి ఉంది.

డ్రైవర్‌తో ఒక్క నిమిషమని చెప్పి తలుపు తీసుకుని దిగాను. ఎటూ కదలడం లేదు. వెనక తలుపు తీస్తే ఇద్దరూ కంగారుపడ్డారు. జరగమన్నాను. జరిగారు. అమ్మాయి మధ్యలోకి వచ్చింది. లజ్‌పత్‌నగర్ దాటేసరికి ఎనిమిది. ఎయిమ్స్ దగ్గర ఇంకో ఇరవై నిమిషాలు. నా ఫోన్ అమ్మాయి తన చేతిలోకి తీసుకుంది. 'ఎప్పటికి చేరతామో నేను చూస్తా, మీరు చూడొద్దు' అంది. ఆ తర్వాత చాలాసేపు అదీ చూడలేదు. నా భుజం మీద తల పెట్టుకుని పడుకుంది. అమృతాంజనం వాసన వస్తోందని ఒకసారి గొణిగింది. ధౌలాకువా దాటి హైవే ఎక్కాక, విమానం ఒకటి తల మీదుగా దిగుతూ పోతే లేచి కూర్చుంది. మూడో టెర్మినల్‌కు వచ్చేసరికి తొమ్మిదీ అయిదు. రెండూంబావు గంటలు. చెడ్డ రోజు లెక్క నేను ముందే చెప్పానని ఎవరికీ గుర్తుచేయలేదు.

డిపార్చర్ ముందు కార్లను ఎక్కువసేపు ఆగనివ్వరు. డ్రైవర్ రెండు పెట్టెలూ తనే ఎత్తి ట్రాలీ మీద పెట్టాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు. దారిలో మా ఆవిడ ఏం చెప్పిందో, ఏ భాషలో చెప్పిందో తెలియదు. టికెట్ లేనివాళ్లం గనుక మేం గేటు దగ్గరే ఆగిపోవాలి. అమ్మాయి పాస్‌పోర్ట్, టికెట్ చూపించి లోపలికి వెళ్లింది. గాజు గోడ లోపల ట్రాలీ తోసుకుంటూ వెళ్తుంటే కొంతదూరం బయట మేమూ నడిచాం. గోడకు అటు దీపాలెక్కువ, ఇటు తక్కువ. దానికి మేం కనిపిస్తున్నామో లేదో తెలియదు. చెయ్యి మాత్రం ఊపుతూనే ఉంది. పెట్టెలు తూయించాక ఫోన్ చేసింది. ఒకటి ఇరవై మూడు, ఇంకోటి ఇరవై రెండున్నర. సరిపోయింది. ఇమిగ్రేషన్ అయ్యాక ఇంకోసారి చేసింది. పదీ పది.

తిరిగి వెళ్లడానికి కారు పిలవనా అన్నాను. 'చేతుల్లో ఏముందని?' అంది మా ఆవిడ.

ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ స్టేషన్‌కు లిఫ్టులో దిగాం. నేల నున్నగా ఉంది, చక్రాల పెట్టెలు దొర్లించుకుంటూ జనం ఎదురొస్తున్నారు. నాకు అడుగులు ఎలా వేయాలో కొత్తగా అనిపించింది. తనిఖీ దగ్గర బెల్టు మీద మా ఆవిడ తన చేతిసంచీ పెట్టింది. అవతలి నుంచి అది వచ్చింది, తీసుకుంది. జవాను నా వంక చూసి, సామాను లేదా అని అడిగాడు. లేదన్నాను. అయినా బెల్టు పక్కనే నిలబడి ఉన్నాను. ఇంకేం రావాలండీ అని మా ఆవిడ చెయ్యి పట్టుకుని లాగేదాకా.